కాలని సగం

మా వృత్తిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. వాళ్ళకి లైసెన్సు పరీక్ష ఉంటుంది, నాకు బోలెడంత తీరిక ఉంటుంది. మాటల మధ్యలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, "సార్, మీరు చేసినవాటిలో అన్నిటికన్నా కష్టమైన సర్వే ఏది?" అని. పత్తి గోదాముల గురించో, నూనె మిల్లుల గురించో చెబుతానని ఎదురుచూస్తారు. ఆకాశానికి లేచిన మంటలు కావాలి వాళ్ళకి. నాకు గుర్తొచ్చేది మాత్రం నూజివీడు పక్కన ఒక చిన్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. అందులో సగమే కాలింది. కష్టమంతా కాలని సగంతో వచ్చింది.

నేను ఇన్సూరెన్స్ సర్వేయర్‌ని. భూములు కొలిచే సర్వేయర్ అనుకుని మా అత్తగారు చాలాకాలం తన పొలంగట్టు తగాదా నాకు చెబుతూ వచ్చింది. మా పని వేరు. ఎక్కడైనా నిప్పంటుకునో, తుఫాను వచ్చో ఎవరి ఆస్తి అయినా పాడైతే, పాలసీ ఇచ్చిన కంపెనీ మమ్మల్ని పంపిస్తుంది. వెళ్ళి చూసి ఏం పోయింది, దాని విలువెంత, కంపెనీ ఎంత ఇవ్వాలి అని రిపోర్టు రాయాలి. మేం కంపెనీ మనుషులం కాదు, నష్టపోయినవాళ్ళ మనుషులమూ కాదు. అందువల్ల ఇద్దరూ మమ్మల్ని అనుమానంగానే చూస్తారు.

ఎనభైల మధ్యలో నేను బెజవాడలో ఒక పెద్ద సర్వేయర్ గారి దగ్గర పనిచేసేవాణ్ణి. మెకానికల్ డిప్లొమా చదివి, రెండు మిల్లుల్లో పనిచేసి, ఆయన దగ్గర చేరాను. ఆయనకి విశేషణాలంటే పడదు. 'దారుణంగా కాలిపోయింది' అని రాస్తే 'దారుణంగా' కొట్టేసి, 'కాలిపోయింది' ఉంచేవారు. సర్వేకి వెళ్ళిన ఊళ్ళో మంచినీళ్ళు తప్ప ఇంకేమీ తాగకూడదన్నది ఆయన పెట్టిన ఇంకో నియమం. కాఫీ తాగితే జాలి పుడుతుంది, జాలి పుడితే అంకెలు వంగుతాయి అనేవారు. నేను నవ్వుకునేవాణ్ణి.

ఆ ఏడు మామిడి సీజన్ ఇంకా మొదలు కాలేదు. కాయ చెట్లమీద ముదురుతోంది. గుజ్జు ఫ్యాక్టరీలో కాయల్ని మాగబెట్టడానికి ఉంగుటూరు వైపు నుంచి వరిగడ్డి లారీల మీద తెప్పించి ఒక రేకుల షెడ్డులో పేర్చారు. మధ్యాహ్నం పనివాళ్ళు అన్నాలకి కూర్చున్నప్పుడు కరెంటు తీగల్లో రవ్వలు లేచి గడ్డి అంటుకుంది. పక్కనే ఖాళీ డబ్బాల గోదాము. దాన్ని ఆనుకుని గుజ్జు నింపిన డబ్బాలకి మూతలు బిగించే యంత్రమున్న హాలు. ఫైరింజన్ వచ్చేలోపు ఆ మూడూ పోయాయి. ఆ హాలుకి అవతల మందపాటి ఇటుక గోడ ఉంది. గోడకి అటువైపున్న బాయిలరు, గుజ్జు తీసే పల్పరు, స్టీలు తొట్లు చెక్కుచెదరలేదు. మనుషులెవరికీ ఏమీ కాలేదు. నిజానికి ఆ ఊళ్ళో అందరూ అదృష్టవంతుడన్నారు ఆయన్ని.

ఆయనంటే ఆ ఫ్యాక్టరీ యజమాని. నూజివీడులో మూడు తరాల మామిడి వ్యాపార కుటుంబం. తండ్రి కమీషన్ కొట్టు నడిపాడు. నేను బస్సు దిగేసరికి ఆయనే స్వయంగా స్టాండులో నిలబడి ఉన్నారు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, యాభై దాటిన మనిషి. చేతిలో గొడుగు ఉంది కానీ వేసుకోలేదు, నాకు పట్టారు.

"ఎండలో వచ్చారు, ముందు భోంచేద్దురుగాని రండి," అన్నారు.

"వద్దండి, ముందు చూద్దాం," అన్నాను.

ఫ్యాక్టరీ మైలవరం రోడ్డులో తోటల మధ్య ఉంది. గేటు దగ్గరే బూడిద వాసన, కాలిన రేకుల వాసన. ఆయన నన్ను కాలినచోటికి తీసుకెళ్ళకుండా ముందు గోడకి అవతలి వైపుకి తీసుకెళ్ళారు. నష్టపోయినవాళ్ళు సాధారణంగా నష్టం చూపిస్తారు. ఈయన మిగిలినది చూపించారు.

"మామిడి వ్యాపారంలో చేతిలో ఏదీ నిలవదండి," అన్నారు నడుస్తూ. "వారంలో అమ్మకపోతే కుళ్ళిపోతుంది. కాపు బాగా వచ్చిన ఏడు గుజ్జుకి వాడే కలెక్టరు రకం కాయని అడిగేవాడుండడు, మార్కెట్ యార్డులోనే పారబోస్తాం. మా నాన్న బతుకంతా అలాగే గడిచింది. కుళ్ళనిదేదన్నా ఒక్కటి మనకంటూ ఉండాలని ఇది కట్టానండి."

బాయిలరు మూతపడ్డ ఒక మిల్లు నుంచి కొని బాగు చేయించింది. పల్పరు మాత్రం బొంబాయి నుంచి కొత్తది తెప్పించారు. అది లారీ మీద వచ్చిన రోజున బజారంతా వచ్చి చూసిందని, భార్య హారతి ఇచ్చిందని చెప్పారు. ఆ యంత్రాన్ని చూసుకునే మిస్త్రీ పక్కనే ఉన్నాడు. మైలవరం మనిషి, పొట్టిగా, మాటలు తక్కువ. సీజన్ అయిపోగానే పల్పరుని విప్పి కడిగి, నూనె రాసి, గోనెలు కప్పి ఉంచుతాడట. ఇప్పుడూ అలాగే ఉంది. గోనె తీస్తే లోపల స్టీలు తళతళలాడింది.

ఆ మధ్యాహ్నమే లెక్కలు చూడ్డానికి ఆఫీసు గదిలో కూర్చున్నాను. లెక్కలు చూసేది యజమాని బావమరిది, అంటే భార్యకి తమ్ముడు. ముప్పై ఏళ్ళుంటాయి. ఆ కుటుంబంలో బి.కాం. చదివింది అతనొక్కడే. అక్క ఇంట్లోనే ఉండి చదువుకున్నాడు, అక్కడే ఉండిపోయాడు. బావ వ్యాపారం చేస్తే, ఇతను కాగితాలు చూసేవాడు. పాలసీ కాగితం నా ముందు పెడుతూ అతను చిన్నగా నవ్వాడు.

"ప్రీమియం ఏటేటా తగ్గించుకుంటూ వచ్చానండి. ఏజెంటు గోల పెట్టేవాడు. నేను ఒప్పుకోలేదు."

"ఎలా తగ్గించారు?"

"యంత్రాలకి ఏటా తరుగుదల రాస్తాం కదండీ, పన్ను లెక్కల్లో. పుస్తకంలో విలువ తగ్గుతుంది. తగ్గిన విలువకే ఇన్సూర్ చేశాను. పుస్తకంలో లేని విలువకి ప్రీమియం ఎందుకు కట్టాలండీ?"

అతను తప్పు చేస్తున్నట్టు కాదు, తెలివైన పని చేసినట్టు చెప్పాడు. ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో చాలామంది అదే చేసేవాళ్ళు. నాకు మాత్రం చేతిలో పెన్ను బరువెక్కింది.

పిల్లలూ, ఇది మీకు పరీక్షలో వస్తుంది, బతుకులోనూ వస్తుంది, కాస్త ఓపిక పట్టండి. ఒక యంత్రానికి ఒక్కటే విలువ ఉండదు. పుస్తకంలో ఒకటుంటుంది. అది పన్ను కోసం రాసుకునే అంకె. ఇవాళ అలాంటిదే కొత్తది కొనాలంటే బజారులో ఒక ధర ఉంటుంది. ఆ ధరలోంచి నిజంగా వాడిన మేరకు అరుగుదల తీసేస్తే వచ్చేది ఇంకొకటి. అగ్నిప్రమాదం పాలసీ చూసేది ఈ చివరిదాన్ని. పుస్తకంలో యంత్రం చచ్చిపోయినా షెడ్డులో నిక్షేపంగా తిరుగుతుండవచ్చు. ఈ ఫ్యాక్టరీలో జరిగింది అదే. మిస్త్రీ ఏటా నూనె రాసి దాన్ని కొత్తగా ఉంచుతున్నాడు, బావమరిది ఏటా పుస్తకంలో దాన్ని పాతది చేస్తున్నాడు. ఇద్దరూ తమ పని శ్రద్ధగానే చేశారు.

యజమానిని పిలిపించి ఇద్దరికీ చెప్పాను. చెప్పడం నా ధర్మం. చెట్టు నీడలో రెండు కుర్చీలు వేశారు. బావమరిది నిలబడే ఉన్నాడు.

"పది రూపాయల వస్తువుని నాలుగు రూపాయలకి ఇన్సూర్ చేశారనుకోండి. మిగతా ఆరు రూపాయలకీ కంపెనీ పూచీ లేదు, మీదే పూచీ. అందులో ఎంత కాలిపోయినా, నష్టాన్ని అదే పాళ్ళలో పంచుకోవాలి. నాలుగు పాళ్ళు వాళ్ళు, ఆరు పాళ్ళు మీరు."

"మేం సగమే కదండీ పోగొట్టుకుంది," అన్నాడు బావమరిది. "పాలసీ మొత్తంలో అది సరిపోతుంది కదా."

"సరిపోదు. యంత్రాలన్నిటికీ కలిపి ఒకే మొత్తం రాయించారు. అందుకని కాలినవాటితో పాటు కాలనివాటి విలువ కూడా లెక్కకట్టాలి. మొత్తం విలువ ఎంత పెరిగితే, కంపెనీ వంతు అంత తగ్గుతుంది."

యజమాని గొడుగు కొనతో మట్టిలో గీత గీస్తూ కూర్చున్నారు. ఆఖరికి తలెత్తి అడిగారు.

"అంటే, మిగిలినవి బాగున్నాయంటే నాకు నష్టమా అండీ?"

"అవునండి."

"ఇందాక నేను మీకు చూపించినవి…"

"అవునండి."

ఆయన బావమరిది వైపు చూశారు. కోపంగా కాదు. ఎవరో తెలియని మనిషి ఇంట్లోకి వచ్చి నిలబడితే చూస్తామే, అలా. బావమరిది ఆ చూపుని తట్టుకోలేక పాలసీ కాగితం మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు.

బెజవాడ వచ్చాక ఆఫీసులో మా పెద్దాయనకి చెప్పాను. ఆయన వక్కపొడి నోట్లో వేసుకుని, "కాఫీ తాగావా?" అన్నారు. లేదన్నాను. "అయితే మళ్ళీ వెళ్ళి ఒక్కొక్కటీ నడిపించి చూసి రా. చూడకుండా పల్పరు బాగుందని రాయకు, బాగాలేదనీ రాయకు," అన్నారు. అంతకు మించి ఆయన దగ్గర ఓదార్పు దొరకదు.

తర్వాతి వారం మళ్ళీ వెళ్ళాను. పిల్లలు అడిగే కష్టమైన రోజు అదే.

నేను వెళ్ళేసరికి గేటు దగ్గర ఆడవాళ్ళు గుంపుగా కూర్చుని ఉన్నారు. సీజన్లో కాయలు కడిగి, తొక్క తీసి, ముక్కలు కోసే కూలీలు. చుట్టుపక్కల పల్లెల వాళ్ళు. మిగతా ఏడాదంతా తోటల్లో, పొలాల్లో దొరికిన పని చేసుకుంటారు. నీడపట్టున కూర్చుని చేసే పని వాళ్ళకి ఈ ఫ్యాక్టరీలో తప్ప ఇంకెక్కడా లేదు. వాళ్ళని తీసుకొచ్చే పెద్దావిడ, జుట్టంతా నెరిసిన మనిషి, లేచి నాకు అడ్డొచ్చింది.

"బాబూ, మీరేనా ఇన్సూరెన్సు ఇన్‌స్పెక్టరు గారు? కలెక్టరు కాయ దిగబోతంది. మమ్మల్ని ఎప్పట్నించి రమ్మంటారో ఎవరూ చెప్పట్లేదు."

"నేను చెప్పేది కాదమ్మా అది," అన్నాను.

"మీరు రాస్తేనే మొదలవుద్దంట కదా?"

లోపలికి నడిచాను. వాళ్ళూ లేచి నా వెనకాలే వచ్చారు. ఎవరూ వద్దనలేదు.

కాలిన వైపు పని తొందరగా అయిపోయింది. మూతలు బిగించే యంత్రం ఒక పక్కకి ఒరిగి, ఇనుము మెలితిరిగి ఉంది. దాని గురించి వాదనే లేదు. ఇక గోడకి అవతల. బాయిలరు పాతదే, దానికి తీయగలిగినంత అరుగుదల తీశాను. విలువ తగ్గితే ఆయనకి మేలు కాబట్టి చట్టం ఒప్పుకున్నంత మేరా తీశాను. మిగిలింది పల్పరు. ఆ ఫ్యాక్టరీ విలువలో పెద్ద వాటా దానిదే.

గోనెలు తీసి ఉన్నాయి. స్టీలు మీద ఎవరో బురదో, మసో పులిమారు. పోయినసారి చూసిన తళతళ లేదు.

"ఇది ఎలా ఉందండీ?" అన్నాను.

యజమాని నా వైపు చూడకుండా చెప్పారు. "తుక్కండి. పనిచెయ్యదు."

మిస్త్రీ ఆయన పక్కనే నిలబడ్డాడు. ఆ మాట వినగానే తలదించుకున్నాడు. ఎన్నో ఏళ్ళుగా దానికి నూనె రాసిన మనిషి. ఆ మాట తన గురించే అన్నట్టు నిలబడ్డాడు.

"ఒకసారి నడిపించి చూద్దామండి."

"కరెంటు లేదండి," అన్నాడు బావమరిది వెంటనే. "మంటలప్పుడు తీసేశారు, ఇంకా ఇవ్వలేదు."

"ఆయిల్ ఇంజన్ ఉంది కదా. కరెంటు పోయినప్పుడు దాంతోనే నడుపుతామని మొన్న చెప్పారు."

"బెల్టు తెగిపోయిందండి."

బెల్టు గోడకున్న మేకుకి వేలాడుతోంది. తెగలేదు. నేను ఆ మేకు వైపు చూశానంతే. నేను చూడటం యజమాని చూశారు. బావమరిది మొహం ఎర్రబడింది. వెనక ఆడవాళ్ళు గుసగుసలు ఆపేశారు.

ఆ క్షణంలో ఆయన ఏమన్నా అని ఉండవచ్చు. అది వేరే యంత్రం బెల్టు అని ఉండవచ్చు. ఇంజన్ చెడిపోయిందనవచ్చు. నన్ను బతిమాలవచ్చు. ఆయన జేబులోంచి చేతిరుమాలు తీసి మొహం తుడుచుకున్నారు.

"ఎక్కించరా," అన్నారు మిస్త్రీతో.

"బావా!" అన్నాడు బావమరిది.

"ఎక్కించమన్నాను."

మిస్త్రీ బెల్టు తీసి చక్రాలకి ఎక్కించాడు. ఇంజన్ దగ్గరికి వెళ్ళి హ్యాండిల్ పెట్టి తిప్పాడు. పొగ వదిలి, రెండుసార్లు దగ్గి, ఇంజన్ అందుకుంది. బెల్టు కదిలింది. పల్పరు తిరగడం మొదలుపెట్టింది.

నేను మిల్లుల్లో పనిచేసిన మనిషిని. బాగున్న యంత్రం చప్పుడు నాకు తెలుసు. అందులో గరగర లేదు, ఊగిసలాట లేదు. ఒకే శ్రుతిలో నడిచింది. ఇంత శుభ్రంగా నడుస్తున్నందుకు దాన్ని నేను తిట్టుకున్నాను.

ఆడవాళ్ళు ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. కొందరు నవ్వారు, ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. యంత్రం తిరిగింది కాబట్టి ఫ్యాక్టరీ తెరుచుకున్నట్టే అనుకున్నారు. అందులో తప్పేముంది? ఎవరైనా అలాగే అనుకుంటారు.

యజమాని నాలుగడుగులు వేసి పల్పరు దగ్గరికి వెళ్ళారు. దాని ఒంటి మీద అరచెయ్యి పెట్టారు. నాకు ఆ మొహం ఇప్పటికీ కళ్ళముందే ఉంది. అన్నీ మర్చిపోయినట్టున్నారు. పాలసీ మర్చిపోయారు, నన్ను మర్చిపోయారు. కళ్ళు వెలిగాయి.

"చూశారా అండీ," అన్నారు ఆ చప్పుడు మీదుగా గట్టిగా, "ఎలా నడుస్తుందో! నీళ్ళు పారినట్టు నడుస్తుందండి! ఇలాంటిది మన జిల్లాలో ఇంకోటి…"

అక్కడ ఆగిపోయారు. నా చేతిలో పెన్ను కనపడింది కాబోలు. అరచెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నారు. ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు గాల్లోనే ఉంచి, పంచెకి తుడుచుకున్నారు.

"ఆపరా," అన్నారు.

ఇంజన్ ఆగింది. ఆడవాళ్ళ నవ్వులు ఇంకా ఆగలేదు. పెద్దావిడ ముందుకొచ్చి యజమానిని అడిగింది.

"అయితే సోమవారం నుంచి రమ్మంటారా అయ్యగారూ?"

ఆయన ఆమె వైపు చూసి తల ఊపారు. ఎందుకు ఊపారో నాకు తెలియదు. కాదని చెప్పే ఓపిక లేక కావచ్చు. వాళ్ళు సంతోషంగా వెళ్ళిపోయారు.

నేను రాయాల్సింది రాశాను. పల్పరు మంచి స్థితిలో ఉంది, నడిపించి చూడటం జరిగింది అని. పెద్దాయన అందులో ఒక్క మాట కూడా కొట్టెయ్యలేదు. సంతకం పెట్టే ముందు నేను అడిగాను.

"సార్, కాస్త ఎక్కువ అరుగుదల వేస్తే ఎవరికి తెలుస్తుంది?"

"ఎవరికీ తెలియదు," అన్నారాయన. "నీ ఇష్టం."

ఆయన అలా వదిలేస్తారని నేను అనుకోలేదు. కసురుకుంటే బాగుండేది. రాత మార్చలేదు నేను. ఇవాళ అడిగినా మార్చనని చెబుతాను. ఆ రిపోర్టు తప్పని నేనెప్పుడూ అనుకోలేదు. తప్పై ఉంటే ఈ పాటికి దిద్దుకుని, మనసులోంచి తీసేసేవాణ్ణి.

కంపెనీ వంతు సగానికన్నా బాగా తక్కువకి వచ్చింది. అదీ మంజూరయ్యేసరికి మామిడి సీజన్ దాటి, వానలు కూడా దాటాయి. ఫ్యాక్టరీ మీద బ్యాంకు అప్పు ఉంది, పాలసీ మీదా బ్యాంకు పేరు ఉంది కాబట్టి వచ్చినదంతా బ్యాంకే తీసుకుంది. మూతలు బిగించే యంత్రం లేకుండా పల్పరు ఒక్కటీ ఏం చేస్తుంది? తీసిన గుజ్జుని ఎందులో పెడతారు? నిక్షేపంలాంటి యంత్రం గోనెల కింద అలాగే ఉండిపోయింది. సోమవారం వచ్చిన ఆడవాళ్ళని గేటు దగ్గర్నుంచే పంపేశారని తర్వాత విన్నాను. కొన్నాళ్ళపాటు వస్తూనే ఉన్నారట.

మరుసటి ఏడు యంత్రాలు విడివిడిగా అమ్మారు. పల్పరుని చిత్తూరు వైపు వాళ్ళెవరో కొన్నారు. అమ్మబోతే మాత్రం దానికి నేను కట్టిన విలువ పలకలేదు. తప్పనిసరై అమ్మేవాడికి బజారు ఇచ్చే ధర వేరు. యంత్రానికి అది ఇంకో విలువ, మా లెక్కలో దానికి చోటు లేదు. ఆ యంత్రంతో పాటు రమ్మని కొన్నవాళ్ళు మిస్త్రీని అడిగితే, ముసలి తల్లిని వదిలి రాలేనన్నాడట. మైలవరంలో సైకిళ్ళు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడని చెప్పారు.

ఇదంతా నాకు చెప్పింది బావమరిది. ఒకరోజు అతను బెజవాడలో మా ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. తిట్టడానికి వచ్చాడనుకున్నాను. చెప్పులు బయట విడిచి, బల్ల అంచున కూర్చున్నాడు.

"సార్, ఆ లెక్క ఇంకొక్కసారి చెప్తారా? ఎక్కడ పొరపాటు చేశానో సరిగ్గా అర్థం చేసుకుందామని."

చెప్పాను. పది రూపాయలు, నాలుగు రూపాయలు. కాలినది, కాలనిది. శ్రద్ధగా విన్నాడు. మధ్యలో సందేహాలు అడిగాడు, మంచి సందేహాలే. దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చాడు. మళ్ళీ అదే అడిగాడు. మళ్ళీ చెప్పాను. ఆ తర్వాత అదొక అలవాటైపోయింది. బెజవాడలో పని ఉండి వచ్చానంటాడు, ఏ పనో చెప్పడు. మనిషి చిక్కిపోతున్నాడు. ఒకసారి నేనే అడిగాను, మీ బావగారు ఎలా ఉన్నారని.

"ఉన్నారండి. ఇల్లు అమ్మేశాం. వేరేవాళ్ళ కమీషన్ కొట్టులో కూర్చుంటున్నారు. కాయలు ఏరి గంపల్లో సర్దుతారు."

"మీతో ఏమంటారు?"

"ఏమీ అనరండి. ఆ రోజు షెడ్డులో 'ఎక్కించమన్నాను' అన్నారు చూడండి, ఆ తర్వాత నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఒకే ఇంట్లో ఉంటాం, పక్కపక్కనే తింటాం. అక్క ఇద్దరికీ వడ్డిస్తుంది. ఆవిడా మాట్లాడదు. ఒక్కసారి తిట్టినా బాగుండునండి. కొట్టినా బాగుండును."

వేరే ఊరు వెళ్ళి ఏదైనా ఉద్యోగం చూసుకోమన్నాను. లెక్కలు తెలిసిన మనిషివి కదా అన్నాను. అన్నాక నాకే నాలుక కొరుక్కోవాలనిపించింది. అతను నవ్వాడు. ఆ నవ్వు చూసి పెద్దాయన కూడా పక్కగదిలోకి వెళ్ళిపోయారు.

ఆఖరిసారి వచ్చినప్పుడు లెక్క చెప్పమనలేదు. అది అతనికి అప్పటికి నాకంటే బాగా వచ్చు. కిటికీ వైపు చూస్తూ అడిగాడు.

"సార్, నేను సరైన విలువకి ప్రీమియం కట్టి ఉంటే ఫ్యాక్టరీ నిలబడేదేనా?"

నిలబడేది. కొత్త యంత్రం వచ్చేది, షెడ్డు లేచేది, బ్యాంకు ఆగేది. ఒక సీజన్ పోయేది, అంతే. అది నాకు తెలుసు. కానీ ఎదురుగా కూర్చున్న మనిషి చొక్కా మెడ దగ్గర ఎముకలు కనపడుతున్నాయి. అతని చేతులు బల్ల అంచుని పట్టుకుని ఉన్నాయి.

"నిలబడేది కాదండి," అన్నాను. "మీరు ఎంతకి కట్టినా ఒకటే. పల్పరు అప్పటికే అయిపోవచ్చింది. లోపల బేరింగులు అరిగిపోయాయి. నేను దగ్గరగా చూశాను కదా. ఒకటి రెండేళ్ళలో అదే ఆగిపోయేది, ఫ్యాక్టరీ ఎలాగూ మూతపడేది. మీ వల్ల పోయిందేమీ లేదు."

అతను తల తిప్పి నా మొహంలోకి చూశాడు.

"మంచి స్థితిలో ఉందని రాశారు కదండీ."

నేను బల్ల మీది కాగితాలు సర్దాను.

"ఈ మాటేదో అప్పుడే రాసి ఉంటే సరిపోయేది కదండీ," అన్నాడు.

గొంతులో కోపం లేదు. మామూలుగా, లెక్కలో ఒక అంకె సరిచూసుకున్నట్టు అన్నాడు. లేచి దణ్ణం పెట్టాడు. చెప్పులేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నెల రాలేదు. ఆ పై నెలా రాలేదు. ఇక ఎప్పుడూ రాలేదు. నూజివీడు వైపు నుంచి ఎవరు వచ్చినా అతని సంగతి అడగాలనిపించేది. ఏం చెబుతారోనని భయమేసి ఎవరినీ అడగలేదు.

అతను ఆఖరిసారి వచ్చి వెళ్ళిన ఆ మధ్యాహ్నం నాకు ఇంకో సర్వే ఉంది. వానకి గోడ కూలిన ఒక బియ్యం మిల్లు. బస్సెక్కి వెళ్ళాను. కూలిన వైపు చూసి రాసుకున్నాక మిల్లు యజమాని నన్ను మిగిలిన యంత్రాల దగ్గరికి తీసుకెళ్ళాడు. "ఇవన్నీ బంగారంలా ఉన్నాయండి, చూడండి," అన్నాడు. నేను పెన్ను తీసి, నడిపించి చూపించమన్నాను.